కప్పు మీద బరువు కాదు, గోడ చుట్టూ కట్టు

తుఫాను కబురు రాగానే శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో రేకుల ఇళ్ళ మీదికి ఇసుక బస్తాలు, రాళ్ళు, పాత టైర్లు చేరతాయి. గాలి కప్పును పైకి లేపుతుంది కాబట్టి బరువు పెట్టి అణచాలని అనుభవం నేర్పింది. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి వెళ్ళాక ఈ అలవాటు మరింత పాతుకుపోయింది. భూకంపం లెక్క దీనికి పూర్తిగా ఎదురు. నేల కదిలినప్పుడు ఇంటి మీద పడే బలం ఇంటి బరువును బట్టే ఉంటుంది. కప్పు మీద పెట్టిన ప్రతి బస్తా ఆ బలాన్ని పెంచుతుంది. పైగా ఆ బస్తా కింద పడేది గుమ్మం ముందే, మనుషులు బయటికి పరుగెత్తే చోటే.

రెండింటికీ పనికొచ్చే ఉపాయం ఒకటుంది. అది కట్టు. కప్పును గోడకి, గోడను పక్క గోడకి, గోడలన్నిటినీ పునాదికి పట్టి ఉంచే కట్టు. అయితే అది బిగుసుకుని పుటుక్కున తెగేది కాకూడదు, కాస్త సాగుతూ పట్టు వదలనిది కావాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మామూలు ఇళ్ళకి ఈ కట్టు ఎలా వేయాలి, ఎక్కడ తప్పుతుంది అన్నదే ఈ వ్యాసం.

ముందుగా, మనకి భూకంపాలేమిటన్న ప్రశ్న. భూకంపాలను తట్టుకునే కట్టడాలకి భారత ప్రమాణం (కోడ్) ఐఎస్ 1893. దాని 2016 నాటి పటంలో ఈ ప్రాంతం రెండో జోన్‌లో ఉంది, అంటే అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్. కానీ ఆ పటంలో సున్నా జోన్ లేదు. 1917లో విజయనగరం ప్రాంతంలోనే 5.5 స్థాయి భూకంపం వచ్చింది. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో వచ్చిన భూకంపం తూర్పు తీరం పొడవునా తెలిసింది. అన్నిటికంటే గుర్తుపెట్టుకోవలసింది మహారాష్ట్రలోని కిల్లారి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున అక్కడ 6.2 తీవ్రతతో భూమి కదిలింది. అప్పటి పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదమున్న జోన్. అయినా వేల మంది చనిపోయారు. వాళ్ళను చంపింది మట్టితో పేర్చిన లావుపాటి రాతి గోడలు, వాటి మీది బరువైన మట్టి కప్పులు. గోడలు లావుగానే ఉన్నాయి. వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచినది మాత్రం ఏదీ లేదు.

గోడకి ఏమవుతుంది

నిలబడి ప్రయాణిస్తున్నప్పుడు ఆర్టీసీ బస్సు ఒక్కసారిగా ముందుకు కదిలితే కాళ్ళు బస్సుతో వెళ్తాయి, ఒళ్ళు వెనక్కి తూలుతుంది. ఇంటిదీ అదే సంగతి. పునాది నేలతో కదులుతుంది, పైభాగం వెనకబడుతుంది.

ఒక గోడ తీసుకుని లెక్క వేద్దాం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 9 అంగుళాల మందం ఉన్న ఇటుక గోడ. ఘనపు మీటరుకి 1900 కిలోల చొప్పున దాని బరువు సుమారు 5.2 టన్నులు. రెండో జోన్‌కి కోడ్ ఇచ్చిన అంకె 0.10, అంటే నేల ఊపు వల్ల పడే తోపు బరువులో పదో వంతు. ఒక్క అంతస్తు ఇల్లు గట్టిగా, పొట్టిగా ఉంటుంది కనుక నేల ఊపు అందులో రెండున్నర రెట్లు పెరుగుతుందని కోడ్ లెక్క. అంటే పెద్ద కుదుపులో బరువులో నాలుగో వంతు, సుమారు 1.3 టన్నులు, గోడను పక్కకి తోస్తుంది. ఈ తోపు గోడ పొడవు వెంట పడితే గోడ తట్టుకుంటుంది. మొహం మీద పడితే నిలబెట్టిన పలకలా వాలిపోతుంది. భూకంపం అన్ని దిక్కులకీ ఊపుతుంది కాబట్టి ఏ క్షణంలో చూసినా ఇంట్లో కొన్ని గోడలు వాలబోతుంటాయి, కొన్ని నిలవగలిగి ఉంటాయి. నిలవగలిగిన గోడ వాలబోయేదాన్ని పట్టుకోవాలి. ఆ పట్టు మూలల దగ్గర ఉండాలి. కట్టు లేని ఇంట్లో ముందుగా నిట్టనిలువునా బీట పడేది కూడా ఆ మూలల్లోనే.

అట్టపెట్టె మూతలు విప్పి నాలుగు పక్కలూ తట్టి చూడండి, ఒక్కొక్క పక్క వేరుగా ఊగుతుంది. చుట్టూ ఒక ప్లాస్టిక్ పట్టీ బిగిస్తే పెట్టె మొత్తం ఒకటిగా కదులుతుంది. ఆ పట్టీ అట్టను గట్టిపరచలేదు, పక్కలు విడిపోకుండా ఆపింది, అంతే.

ఎందుకు సాగాలి

సిమెంటుతో కట్టిన ఇటుక గోడను లాగితే, 4 మీటర్ల పొడవులో మిల్లీమీటరైనా సాగకముందే పగులుతుంది. భూకంపంలో గోడ పైభాగం కదిలేది మిల్లీమీటర్ల కొద్దీ, ఒక్కోసారి సెంటీమీటర్ల కొద్దీ. కాబట్టి పగులు రావడం ఖాయం. పగులు పడ్డాక ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. అప్పటిదాకా పనిలేకుండా ఉన్న చువ్వ, వల, తాడు అక్కడి నుంచి పని మొదలుపెడతాయి. పగులు తెరుచుకుంటుంటే లాగి పట్టుకుంటాయి, ఊపు తిరిగినప్పుడు మూసుకోనిస్తాయి. తెరుచుకున్న ప్రతిసారీ ఇటుకల రాపిడిలో, చువ్వ సాగడంలో భూకంపం తెచ్చిన శక్తి కొంత ఖర్చవుతుంది. సాగే గుణం లేకపోతే మొదటి రెండు మూడు ఊపుల్లోనే కట్టు తెగి, మిగిలిన ఊపులన్నీ కట్టు లేని గోడ మీద పడతాయి.

కాంక్రీటులో వేసే ఇనుప చువ్వల్లో ఫె 500, ఫె 500డి అని రకాలున్నాయి. ఫె 500 చువ్వ తెగే ముందు కనీసం 12 శాతం సాగాలని, ఫె 500డి అయితే 16 శాతం సాగాలని చువ్వల ప్రమాణం ఐఎస్ 1786 చెబుతుంది. కొట్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూపుకి తేడా తెలియదు. చువ్వ మీది అచ్చులో ‘డి’ ఉందో లేదో చూసి తీసుకోవాలి.

సాగడం వేరు, సడలుగా ఉండడం వేరు. ఇక్కడ చాలామంది పొరబడతారు. వదులుగా కట్టిన తాడు గోడను కొంత దూరం స్వేచ్ఛగా పోనిచ్చి, తర్వాత ఒక్క కుదుపుతో ఆపుతుంది. ఏ బరువైనా ఒక్కసారిగా మీద పడితే దాని ప్రభావం నెమ్మదిగా మోపినదానికి రెట్టింపు. మధ్యలో సడలు కూడా ఉంటే అంతకంటే ఎక్కువ. ఎద్దు నడుస్తూ పలుపు లాగితే గుంజ ఊగుతుంది, పరుగెత్తుకొచ్చి లాగితే గుంజే ఊడిపోతుంది. కట్టు ఎప్పుడూ వదులు లేకుండా గోడకి ఆనుకుని ఉండాలి, సాగడం అన్నది దాని పదార్థంలోనే ఉండాలి.

కొత్త ఇంటికి: బెల్టు

కొత్తగా కడుతున్నవారికి దారి తేలిక. ఐఎస్ 4326 చెప్పే కాంక్రీటు బెల్టు, అంటే తలుపులు, కిటికీల పైమట్టంలో ఇంటి గోడలన్నిటి మీదుగా తెగకుండా తిరిగే పట్టీ. మందం కనీసం 75 మి.మీ., అందులో రెండు 8 మి.మీ. చువ్వలు, 150 మి.మీ.కి ఒకటి చొప్పున 6 మి.మీ. రింగులు. మెత్తటి నేల అయితే పునాది మట్టంలోనూ, పెంకు లేదా రేకుల కప్పు అయితే గోడ తల మీదా ఇలాంటివే వేయాలి. కాంక్రీటు స్లాబు ఉంటే ఆ మట్టంలో అదే బెల్టుగా పనిచేస్తుంది.

పైన చెప్పిన 4 మీటర్ల గోడకే ఇది సరిపోతుందా చూద్దాం. లింటల్ మట్టంలో, అంటే తలుపుల పైమట్టంలో, బెల్టు మోయవలసింది ఆ 1.3 టన్నుల తోపులో సగం, మీటరుకి సుమారు 164 కిలోలు. వంపు లెక్క వేస్తే చువ్వ మీద లాగుడు 1.3 టన్నుల దగ్గర తేలుతుంది. 8 మి.మీ. ఫె 500 చువ్వ సుమారు 2.5 టన్నుల దాకా లొంగదు. ఊపు అటూ ఇటూ వస్తుంది కనుక లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి. వేలికంటే సన్నని చువ్వలు రెండు ఐదు టన్నుల గోడను పట్టుకోగలవు. ఖర్చు భరించలేనిదని దీన్ని వదిలేయడానికి కారణం లేదు.

మరి ఎక్కడ చెడుతుంది? మన వైపు ఎక్కువగా చేసేది తలుపు మీద ఒక ముక్క, కిటికీ మీద ఒక ముక్క వేసి, అటూ ఇటూ ఆరంగుళాలు గోడ మీదికి పోనిచ్చి ఆపేయడం. అది లింటల్ మాత్రమే. బెల్టు కాదు. పైబరువు మోస్తుంది కానీ మూలలను పట్టుకోదు. బెల్టు వేసినవారు కూడా మూల దగ్గర పొరపాటు చేస్తారు. రెండు గోడల చువ్వలను మూలదాకా తెచ్చి ఒకదాని మీద ఒకటి ఆనించి, బైండింగ్ వైరు చుట్టి వదిలేస్తారు. లాగుడు వచ్చినప్పుడు అవి జారిపోతాయి. చువ్వను మూల దగ్గర వంచి పక్క గోడలోకి కనీసం 450 మి.మీ. పోనివ్వాలి. మేస్త్రీ కాంక్రీటు పోసేముందు మీరు స్వయంగా చూడవలసింది ఏదైనా ఉందంటే, ఇంటి నాలుగు మూలల్లో ఈ వంపు ఉందా లేదా అన్నదే. రింగు కొసలు కూడా చువ్వను పట్టుకుని లోపలికి 135 డిగ్రీలు వంగాలి. 90 డిగ్రీల దగ్గర ఆపిన రింగు, పైకాంక్రీటు రాలగానే విప్పుకుంటుంది.

భావనపాడు, కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్ళలో తుప్పు మరో శత్రువు. ఉప్పు ఇసుక, ఉప్పునీటి బావి నీళ్ళు కాంక్రీటులోకి రానివ్వకూడదు. చువ్వ చుట్టూ 25 మి.మీ. కాంక్రీటు మిగలాలంటే కింద కవర్ బ్లాకులు పెట్టాల్సిందే, చిన్న రాళ్ళతో సరిపెడితే చువ్వ జారి అడుగుకి తగులుతుంది. తుప్పు పట్టిన చువ్వ సన్నబడడమే కాదు, సాగే గుణాన్నీ పోగొట్టుకుంటుంది.

పాత ఇంటికి: వల, పట్టీ, తాడు

ఉన్న ఇంటిని కూల్చకుండా కట్టు వేయడానికి మూడు దారులున్నాయి. ఇటుక, సిమెంటు ఇంటికి వెల్డ్ మెష్ (గళ్ళుగా అతికిన ఇనుప తీగల వల) బెల్టు. మట్టి గోడకి, మట్టితో పేర్చిన ఇటుక గోడకి ప్లాస్టిక్ పట్టీల వల, లేదా నైలాన్ తాళ్ళ వల.

మెష్ బెల్టు ఇలా వేయాలి. లింటల్ పైన, కప్పు కింద, ఇంటి చుట్టూ సుమారు అడుగు వెడల్పున పాత ప్లాస్టరింగు కొట్టేయాలి. ఇటుకల మధ్య దర్జులు 12 నుంచి 20 మి.మీ. లోతుకి గీకి, దుమ్ము పోయేలా నీళ్ళతో కడగాలి. గోడ తడిగా ఉండగానే 1:3 పాళ్ళ సిమెంటు ఇసుకతో 12 మి.మీ. మొదటి పూత వేసి, అది పచ్చిగా ఉన్నప్పుడే 150 మి.మీ. మేకులతో అడుగుకి ఒకటి చొప్పున మెష్‌ను బిగించాలి. పైన కనీసం 15 మి.మీ. రెండో పూత. పది రోజులు తడపాలి. మెష్ 10 గేజి, అంటే 3.25 మి.మీ. తీగ, జింకు పూత ఉన్నది. అంగుళం ఎడంలో 8 తీగలు పొడవునా పరిగెత్తే బెల్టు వెడల్పు సుమారు 200 మి.మీ. ఆ 8 తీగల కోత వైశాల్యం కలిపి 66 చదరపు మి.మీ., ఒక్క 8 మి.మీ. చువ్వకి ఉండేది 50. బలానికి లోటు లేదు. కానీ వెల్డ్ మెష్ తీగ చువ్వంత సాగదు, అందుకే దాంతోపాటు ఒకటి రెండు 6 మి.మీ. చువ్వలు వేయడం మేలు. మెష్ ముక్కలు ఒకదాని మీద ఒకటి 300 మి.మీ. ఎక్కాలి, ఆ అతుకు మూలలో మాత్రం రాకూడదు. మూల చుట్టూ తెగకుండా తిప్పి, గోడ మధ్యలో అతకాలి.

కోళ్ళ గూళ్ళకి వాడే సన్న వల, కాంక్రీటు స్తంభానికీ గోడకీ మధ్య పగులు రాకుండా అద్దే చికెన్ మెష్, ఈ పనికి రాదు. అది ప్లాస్టరింగును పట్టుకుంటుంది, గోడను కాదు.

ఇక ప్లాస్టిక్ పట్టీ. అట్టపెట్టెలకు, బేళ్ళకు కట్టే ఆ పాలీప్రొపిలీన్ పట్టీనే. టోక్యో విశ్వవిద్యాలయంలో కిమిరో మెగురో బృందం దీన్ని గళ్ళ వలగా అతికి, బలహీనమైన ఇటుక గోడలకి రెండు వైపులా తొడిగి, భూకంపంలా కదిలే కంపన బల్ల మీద ఊపి చూసింది. వల లేని నమూనాలు కూలిన ఊపులకి వల ఉన్నవి ఒళ్ళంతా పగిలినా నిలిచాయి. పట్టీ తుప్పు పట్టదు, చాలా సాగుతుంది, తేలిక. వేసే పద్ధతిలో కీలకం గోడ లోపలి వలను, బయటి వలను కలిపే కట్లు. దర్జుల్లో అడుగు అడుగుకి రంధ్రం చేసి, తీగ దూర్చి రెండు వలలను ముడివేయాలి. తీగ నేరుగా పట్టీని ఒరిస్తే లాగుడు వచ్చినప్పుడు కత్తిలా కోస్తుంది, కాబట్టి మధ్యలో ఒక ప్లాస్టిక్ బిళ్ళ పెట్టాలి. గళ్ళు ఇటుక పొడవుకంటే చిన్నవిగా ఉండాలి, లేకపోతే పగిలాక ఇటుకలు గళ్ళలోంచి జారిపోతాయి. అడుగున వల పునాదిలోకి, పైన గోడ తల మీదుగా అవతలికి వెళ్ళాలి. చివరగా మట్టో సున్నమో సిమెంటో పూత తప్పదు. ఎండ తగిలితే ఈ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది.

నైలాన్ తాడు మన తీరానికి కొత్త కాదు, పడవ కట్టేది అదే. పెరూ రాజధాని లిమాలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో మార్సియల్ బ్లాండెట్ బృందం పచ్చి ఇటుక ఇళ్ళను సుమారు 6 మి.మీ. నైలాన్ తాళ్ళతో అడ్డంగా, నిలువుగా చుట్టి పరీక్షించింది. అడ్డం తాళ్ళు ఇంటి చుట్టూ, నిలువు తాళ్ళు గోడ అడుగు నుంచి తల మీదుగా అవతలి మొహానికి, వాటి మధ్య గోడలోంచి దూరే సన్న తాళ్ళు. మొదట్లో బిగించడానికి టర్న్‌బకిల్ (తిప్పితే తాడు బిగిసే మరల పరికరం) వాడారు, తర్వాత ఖర్చు తగ్గించేందుకు ముళ్ళతోనే పని కానిచ్చారు. సీతంపేట, పార్వతీపురం వైపు మట్టి గోడల ఇళ్ళకి ఇది సరిగ్గా అతికే పద్ధతి.

ఇక్కడ చెడేవి మూడు. మొదటిది ముడి. ముడి పడిన చోట తాడు తన బలంలో మూడో వంతు నుంచి సగం దాకా పోగొట్టుకుంటుంది. కాబట్టి లెక్క ముడి బలం మీద వేయాలి, తాడు బలం మీద కాదు. రెండోది మూల. ఇటుక అంచు మీద తాడు ప్రతి ఊపుకీ ఒరుసుకుని కోసుకుపోతుంది. మూల అంచును గుండ్రంగా చెక్కి, చీల్చిన పాత గొట్టం ముక్కను తాడు కింద పెట్టాలి. మూడోది సడలడం. నైలాన్ బిగువులో ఉంచితే నెలలు గడిచేకొద్దీ కాస్త సాగి వదులవుతుంది, తడిస్తే ఇంకాస్త. పూత వేయకముందు రెండు మూడు వారాలు వదిలి, మళ్ళీ బిగించి, అప్పుడు మట్టి పూయాలి.

రాతి గోడ ఉంటే వీటికంటే ముందు మరో పని ఉంది. లావు రాతి గోడ సాధారణంగా రెండు పొరలుగా పేర్చి మధ్యలో మట్టి, చిల్లరాళ్ళు నింపినది. ఊపుకి పొరలు విడివడి ఉబ్బుతాయి. గోడ మందమంతా దూసుకుపోయే రాళ్ళు ఎత్తులో 600 మి.మీ.కి ఒక వరుస, వరుసలో 1.2 మీటర్లకి ఒకటి చొప్పున ఉండాలని ఐఎస్ 13828 అడుగుతుంది. పాత గోడలో అవి లేకపోతే అంతే ఎడంలో రంధ్రాలు చేసి, కొక్కెం వంచిన చువ్వ పెట్టి, కాంక్రీటు నింపాలి.

కప్పు, ట్యాంకు

పెంకుటింట్లో దూలం గోడ మీద ఊరికే ఆనుకుని ఉంటుంది. తుఫానుకి అది లేవకుండా, భూకంపానికి గోడ మీంచి జారకుండా ఒకే కట్టు చాలు: బెల్టులోంచి పైకి తీసిన చువ్వ గాని, ఇనుప పట్టీ గాని దూలం మీదుగా తిప్పి బోల్టు వేయడం. తుఫాను కోసం కప్పును నేలలోని గుంజకి తాడుతో కట్టడం వేరు, అది గోడలను కలపదు. వాలు కప్పు కొస కింద ఉండే ముక్కోణపు గోడ అన్నిటికంటే ముందు పడేది. దాని ఏటవాలు అంచుల వెంట బెల్టు వేయాలి, లేదా ఆ భాగం తీసేసి రేకుతో మూయాలి.

స్లాబు మీద నీళ్ళ ట్యాంకు విషయంలో మన నిర్లక్ష్యం ఎక్కువ. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. నేల మీది ఊపుకంటే డాబా మీద ఊపు పెద్దది, కాబట్టి పక్క తోపు కనీసం 250 కిలోలు అనుకోండి. ట్యాంకు పొట్టిది, అంత తేలికగా దొర్లదు. పడేది దాని కింద నాలుగు ఇటుక దిమ్మెలు. ట్యాంకును ఎంత బిగించినా దిమ్మెలు వదులుగా ఉంటే ప్రయోజనం లేదు. దిమ్మెలు తీసేసి, గోడలు కలిసే చోటికి పైన స్లాబు మీదే తక్కువ ఎత్తు కాంక్రీటు గద్దె మీద కూర్చోబెట్టడం ఉత్తమం. తర్వాత లారీలకు సరుకు బిగించే వెడల్పాటి బెల్టులు రెండు అడ్డదిడ్డంగా వేసి, స్లాబులో పాతిన కొక్కేలకి బిగించాలి. పిట్టగోడకి ఎప్పుడూ కట్టకూడదు, ముందు ఊడిపోయేది అదే. బిగువు చూడవలసింది ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు. కిందికి దిగే గొట్టం ట్యాంకు నుంచి నేరుగా గట్టి పైపైతే మొదటి ఊపుకే విరుగుతుంది, మొదటి అడుగు పొడవు వంగే గొట్టం పెట్టి కాస్త వదులు ఉంచాలి. సడలు మంచిదైన ఒకే ఒక్క చోటు ఇది.

చివర్లే అసలు పరీక్ష

కట్టు మధ్యలో తెగిన సందర్భాలు తక్కువ, చివర్లు వదిలిన సందర్భాలే ఎక్కువ. వంతెనల చరిత్ర దీనికి సాక్ష్యం. 1971లో శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత కాలిఫోర్నియాలో వంతెన డెక్కులు, అంటే వాహనాలు నడిచే పైభాగాలు, ఆసరా మీంచి జారకుండా 19 మి.మీ. ఉక్కు తాళ్ళు వేశారు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో గావిన్ కేన్యన్ వంతెన, ఆ తాళ్ళు ఉండి కూడా, పడిపోయింది. డెక్కు ఆనుకున్న ఆసరా వెడల్పు 8 అంగుళాలే, పైగా వంతెన ఏటవాలుగా ఉండడంతో కదలిక తాళ్ళు తట్టుకునేదాన్ని మించింది. తాడు ఒక్కటే చాలదు, తాడు సాగినంత మేర ఆసరా కూడా ఉండాలి. పెంకుటింటి దూలానికీ అంతే: గోడ మీద నాలుగంగుళాలు ఆనితే చాలదు, గోడ మందమంతా ఆనాలి.

భుజ్‌లో 2001 భూకంపానికి కూలిన జిల్లా ఆసుపత్రి స్థానంలో కొత్తది సీసం, రబ్బరు దిండ్ల మీద కట్టారు. నేల ఊపు భవనం లోపలికి చేరడాన్ని బాగా తగ్గించే గొప్ప పద్ధతి అది. పెద్ద ఆసుపత్రికి తగినది, భవనం చుట్టూ కదలడానికి ఖాళీ కందకం కూడా అడుగుతుంది. మూడు గదుల ఇంటికి కాదు.

కట్టు చేయలేనివీ ఉన్నాయి. కింద పార్కింగు వదిలి సన్న స్తంభాల మీద లేపిన అపార్టుమెంటుకి గోడల చుట్టూ వల వేసి లాభం లేదు, బలహీనత స్తంభాల్లో ఉంది. వంశధార, నాగావళి ముఖద్వారాల దగ్గర నీరు నిండిన వదులు ఇసుక గట్టి ఊపుకి పట్టు కోల్పోయి జావలా మారగలదు, అప్పుడు ఇల్లు కలిసికట్టుగానే ఒరుగుతుంది. అక్కడ ముందు పునాది సంగతి చూడాలి.

ఇల్లు ఇప్పటికే కట్టు వేసుకున్నది అయితే, ఏటా సెప్టెంబరులో, తుఫానుల కాలం ముందే ఒక పూట కేటాయించండి. పూత ఊడి తాడు, పట్టీ ఎండకి బయటపడిన చోట మళ్ళీ పూయండి. బెల్టు మీద తుప్పు మరక కనిపిస్తే అక్కడ కొట్టి చూడండి. ట్యాంకు నింపి బెల్టు బిగువు చేత్తో లాగి చూడండి. దూలం బోల్టులను పానాతో ఒక తిప్పు తిప్పండి. కప్పు మీద పోయిన ఏటి ఇసుక బస్తాలు ఇంకా ఉంటే, దించేయండి.